మహారాజశ్రీ కారు ఏసీ గ్యాసు గారికి

మహారాజశ్రీ ఆర్ 134ఏ గ్యాసు గారి సముఖానికి, బెజవాడ పటమట నుంచి మీకు అపకారం చేసిన ఒక కారు ఓనరు నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా మా కారు గొట్టాల్లో క్షేమంగా ఉన్నారని మొన్ననే తెలిసింది. ఆ సంగతి తెలియడానికి నాకు మూడు ఎండాకాలాలు, 5300 రూపాయలు పట్టాయి. అందుకే ఈ ఉత్తరం.

నేను మీ మీద వేసిన నింద మీకు గుర్తుండే ఉంటుంది. ఏటా ఏప్రిల్ వస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడుతుంది. ఏసీలోంచి ఎవరో మొహం మీద నిట్టూర్చినట్టు గాలి వస్తుంది. వెనక సీట్లో మా అమ్మాయి నోట్‌బుక్కుతో విసురుకోవడం మొదలుపెడుతుంది. నేను స్టీరింగ్ మీద ఒక్కటి గుద్ది "గ్యాస్ అయిపోయింది" అంటాను. విచారణ లేదు, సాక్షి లేడు, తీర్పు అయిపోయింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిని అడిగినా ఇదే తీర్పు. వాచ్‌మన్ కూడా ఇదే చెప్పాడు. ఆయనకి సైకిల్ తప్ప మరో బండి లేదు.

తప్పు కొంత మీ పేరులో కూడా ఉందండీ. మాకు గ్యాస్ అంటే వంటింట్లో సిలిండర్. అది వెలుగుతుంది, మండుతుంది, సరిగ్గా చుట్టాలొచ్చిన రోజే అయిపోతుంది. మీరూ అలాగే ఖర్చయిపోతారనుకున్నాం. మీరు మండరనీ, కరగరనీ, మూసిన గొట్టాల్లో తిరిగిన దారినే తిరుగుతుంటారనీ ఎవరూ చెప్పలేదు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల మీద ఏ కొంచెమో తప్పించుకుంటారు, కాదనను. కానీ ఉగాదికి ఉండి ఉగాదికి మాయమైపోయారంటే ఎక్కడో కన్నం పడినట్టే. కన్నం వెతకకుండా మళ్లీ నింపడమంటే చిల్లు బిందెతో కృష్ణకి వెళ్లడమే. పైగా ఆ కన్నం దాక్కోదు కూడా. మీతో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, మీరు కారే జాయింట్ దగ్గర జిడ్డు, ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకుంటాయి. సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. మూడేళ్లలో మా బండి మీద ఒక్కళ్లూ చారెడు నురగ ఖర్చు పెట్టలేదు.

మొదటి ఏడు నేను వెళ్లిన షాపు పేరెందుకులెండి. కుర్రాడు బానెట్ ఎత్తి, ఒక గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, నాడి చూసినట్టు కళ్లు మూసి, "గ్యాస్ కొట్టాలి సార్" అన్నాడు. మన భాషలో గ్యాస్ కొట్టడమంటే ఇంకో అర్థం ఉందని నాకు ఆ క్షణాన గుర్తురాలేదు. సాయంత్రం ఆరింటికి, షెడ్డు నీడలో, ఇంజన్ రేస్ చేసి "చెయ్యి పెట్టి చూడండి, ఐస్!" అన్నాడు. నిజంగానే ఐస్. ఆ పూట, ఆ నీడలో, అంత రేస్ చేస్తే బండి డిక్కీలోంచి కూడా చల్లగాలి వచ్చేదేమో. 1500 ఇచ్చాను. డబ్బులిచ్చాక చల్లగా అనిపించకపోతే మనకే నామోషీ కాబట్టి ఓ పదిహేను రోజులు చల్లగానే ఉందనుకున్నాను. మరుసటేడు 1800. ఆ పైఏడు 2000. రెండో ఏడు కుర్రాడైతే మీరున్నారో లేదో చూస్తానని వాల్వు నొక్కి, బుస్సుమని మిమ్మల్ని కొంత గాల్లోకి వదిలాడు కూడా.

ఆ బుస్సు గురించి ఒక మాట. మీ ముందువాడు ఆర్ 12 ఓజోన్ పొరని తినేస్తున్నాడని 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరి, ఆయన్ని సాగనంపి ఆ కుర్చీలో మిమ్మల్ని కూర్చోబెట్టారు. మీకు ఓజోన్‌తో గొడవ లేదు. కానీ గాల్లో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తారట. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే బెజవాడకి ఆ సాయం మీరు కూడా చెయ్యాలా?

సరే, కేసు మలుపు తిరిగింది మా అత్తగారి వల్ల. మొన్న మే నెలలో గుంటూరులో పెళ్లికి బయల్దేరాం. బెంజి సర్కిల్ దగ్గర సెగ. వారధి ఎక్కేసరికి కాస్త నయం. మంగళగిరి దాటాక ఆవిడ కొంగు భుజాల నిండా కప్పుకున్నారు. కాజ టోల్ గేటు దగ్గర బండ్ల వెనక నిలబడ్డామో లేదో మళ్లీ సెగ. టోల్ దాటాక మళ్లీ చల్లన. నేను యథాప్రకారం మిమ్మల్ని తిట్టబోతుంటే ఆవిడ వెనక నుంచి, "బాబూ, బండి నడిస్తే చల్లగా ఉంటోంది, ఆగితే కాలిపోతోంది. గ్యాస్ అయిపోతే నడిచినప్పుడు మాత్రం ఎక్కడినుంచి వస్తోంది?" అన్నారు. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి జవాబు చెప్పలేదు. ఆవిడే మళ్లీ, "మా తెనాలి ఇంట్లో ఫ్రిజ్జుని గోడకి ఆనించి పెట్టినన్నాళ్లూ ఇదే తంతు. మీ మావయ్యగారు జానెడు ముందుకి జరిపాక గానీ పాలు విరగడం మానలేదు" అన్నారు.

పెళ్లి నుంచి వచ్చిన మర్నాడే ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన గొట్టానికి నాడి చూడలేదు. రెండు గేజిలు తగిలించాడు. నీలం ముల్లు తక్కువ ప్రెషర్ వైపు, ఎర్రముల్లు ఎక్కువ ప్రెషర్ వైపు. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి నిలబెట్టి ఏసీ వేయించాడు. ఎర్రముల్లు 250 దాటింది, 300 దాటింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. నేను "గ్యాస్ తక్కువైందా?" అన్నాను, అలవాటు కొద్దీ. ఆయన నా మొహం చూసి, "ఒరేయ్, మగ్గు తేరా" అని కేకేశాడు. రేడియేటర్ ముందుండే కండెన్సర్ మీద మగ్గుడు నీళ్లు నెమ్మదిగా పోశాడు. ముల్లు దిగింది. నా కళ్లముందే, జ్వరం దిగినట్టు దిగింది. లోపల చెయ్యి పెడితే చల్లన. నీళ్లు ఆరాయి, ముల్లు మళ్లీ పైకి లేచింది.

"గ్యాస్ ఉంది సార్. దానికి చల్లారే దారే లేదు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది మీ ఉద్యోగం. మీరు చల్లదనం తెచ్చేవారు కాదు, వేడి మోసే హమాలీ. డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో మా వేడిని నెత్తికెత్తుకుంటారు. కంప్రెసర్ మిమ్మల్ని నొక్కి ముందుకు తోస్తుంది. కండెన్సర్‌లో ఆ మూట దించేసి, ద్రవంగా మారి, సన్నటి వాల్వు దూరి, ఖాళీ చేతులతో మళ్లీ లోపలికి వస్తారు. మూట దించే చోట బయటి గాలి ఆడాలి. బండి పరిగెడుతుంటే ఆ గాలి దానంతట అదే తగులుతుంది. ఆగితే ఫ్యాను విసరాలి. మా బండి ఫ్యానుకి రెండు స్పీడులు. ఏసీ వెయ్యగానే తిరగాల్సిన చిన్న స్పీడు తిరగడం లేదు. దాని రెసిస్టర్ ఎప్పుడో కాలిపోయిందట. ఇంజన్ బాగా వేడెక్కితే పెద్ద స్పీడు తిరుగుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇక కండెన్సర్ సంగతి. ఉయ్యూరు రోడ్డు మీద సాయంత్రం పూట కొట్టుకునే దీపం పురుగులు, ధాన్యం లారీల నుంచి ఎగిరిన ఊక, కాలవగట్టు మట్టి అన్నీ కలిసి దాని రెక్కల మధ్య పిడకలా గట్టిపడ్డాయి. బెజవాడ స్టేషన్లో దిగే మెట్లు మూసేసి, బండి కదలడం లేదని ఏటా ఇంకో నలుగురు హమాలీలని ప్లాట్‌ఫారం మీదకి పంపాను నేను.

ఆ నలుగురి లెక్క కూడా తేలింది. మేస్త్రి మిమ్మల్ని మిషన్‌లోకి లాగి తూకం వేశాడు. బానెట్ కింద స్టిక్కర్ మీద కంపెనీ వాడు రాసింది 430 గ్రాములు. మీరు తూగింది 580. గాల్లోకి బుస్సుమన్నది పోగా ఇంత. మీరు లేరని మూడేళ్లు ఏడ్చాను, మీరేమో ఒళ్లు చేసి కూర్చున్నారు. ఎక్కువైతే కూడా ప్రెషర్ పెరిగి చల్లదనం చెడుతుందని, అందుకే చేతి అంచనాతో కాకుండా తూకంతో నింపాలని ఆయన చెబుతుంటే నేను స్టిక్కర్ వంక చూస్తున్నాను. అది తెలుపు మీద నలుపు అక్షరాలతో, కారు కొన్న రోజు నుంచి అక్కడే ఉంది.

కండెన్సర్‌ని మెల్లటి ధారతో కడిగారు. గట్టి ధార కొడితే రెక్కలు వంగిపోతాయట. రెసిస్టర్ మార్చారు. వాక్యూమ్ పెట్టి గాలీ తేమా లాగేశారు. తేమ మిగిలితే వాల్వు దగ్గర మంచుబిళ్లై దారి మూస్తుందట. తర్వాత కొలిచి 430 గ్రాములే పోశారు. పనిలో పనిగా గ్లవ్ బాక్స్ వెనక ఏసీ ఫిల్టర్ లాగితే ఉగాది పచ్చడికి సరిపడా వేపపువ్వు రాలింది. మొత్తం ఖర్చు చెప్పను. మూడేళ్ల బిల్లుల కంటే తక్కువని మాత్రం మా ఆవిడకి తెలియనివ్వకండి.

నిన్న మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర రెండు సిగ్నళ్లు ఆగాం. అమ్మాయి నోట్‌బుక్కు సంచీలోనే ఉంది.

ఒక్క మనవి. మీలో మిగిలిన ఆ 150 గ్రాముల వారు ఇంకా ఆటోనగర్‌లో మేస్త్రి సిలిండర్‌లోనే ఉన్నారు. ఇవాళో రేపో ఎవరి బండిలోకో ఎక్కుతారు. ఆ ఓనరు స్టీరింగ్ మీద గుద్ది మీ పేరెత్తితే, ముందు బండి దిగి ఫ్యాను తిరుగుతోందేమో చూసుకోమనండి.

ఇట్లు
మీ 430 గ్రాములకే కట్టుబడిన
పటమట వాసి