ఢీకొట్టకుండా ఆపినవాడు

2000 మే 26. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఏడో మ్యాచ్. ఫిలడెల్ఫియా ఆటగాడు ఎరిక్ లిండ్రోస్ తల దించుకుని, పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) స్టిక్‌తో నడిపించుకుంటూ న్యూజెర్సీ రక్షణ ప్రాంతానికి హద్దైన బ్లూ లైన్ దాటాడు. ఎదురుగా వచ్చిన న్యూజెర్సీ డిఫెన్స్‌మన్ స్కాట్ స్టీవెన్స్ భుజం అతని దవడకు తగిలింది. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి మంచు మీద కుప్పకూలిపోయాడు. అప్పటికే తలకు దెబ్బలు తగిలి, కోలుకుని, అంతకు ముందు మ్యాచ్‌లోనే తిరిగి ఆటలోకి వచ్చినవాడు. ఆ తర్వాత లీగ్‌లో ఫిలడెల్ఫియా తరఫున అతను ఇంకెప్పుడూ ఆడలేదు. అప్పటి నిబంధనల ప్రకారం అది ఫౌల్ కాదు. పెనాల్టీ కూడా లేదు.

ఉత్తర అమెరికాలో ఐస్ హాకీ డిఫెన్స్‌మన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇలాంటి దృశ్యమే.

దానికి మూడేళ్ల ముందు, 1997 జూన్‌లో, అదే లిండ్రోస్‌ను ఇంకో డిఫెన్స్‌మన్ ఆపాడు. అది లీగ్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్. నాలుగు మ్యాచ్‌లు జరిగితే లిండ్రోస్ కొట్టింది ఒక్క గోల్. అది కూడా చివరి మ్యాచ్ ఆఖరి క్షణాల్లో, ఫలితం దాదాపు తేలిపోయాక. స్ట్రెచర్ రాలేదు, ఎవరూ నేల మీద పడి లేవలేక ఇబ్బంది పడలేదు. ఆపినవాడి పేరు నిక్లస్ లిడ్‌స్ట్రోమ్. డెట్రాయిట్ రెడ్ వింగ్స్, జెర్సీ నంబర్ 5.

ఇరవై సీజన్ల అతని కెరీర్‌ను గణాంకాల్లో చెప్పడం సులువే. 1991 నుంచి 2012 దాకా ఒకే క్లబ్, 1,564 మ్యాచ్‌లు, 264 గోల్స్, 878 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు). నాలుగు స్టాన్లీ కప్‌లు. లీగ్‌లో ఏటా అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీ ఏడుసార్లు. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నా వాదన వేరే. లిడ్‌స్ట్రోమ్ అసలు గొప్పతనం ఈ అంకెల్లో లేదు, అతను మంచు మీద ఉన్నప్పుడు జరగకుండా పోయిన వాటిలో ఉంది. దాన్ని కొలిచే పద్ధతి అప్పటి హాకీ లోకం దగ్గర లేదు. ఇప్పటికీ సరిగ్గా లేదు. అందుకే అతనికి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా, నా దృష్టిలో, పూర్తిగా సరైన కారణానికి రాలేదు.

హాకీ అంటే మనకు ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం, బంతి. ఐస్ హాకీలో మైదానం చిన్నది, 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చుట్టూ బోర్డు గోడలు ఉంటాయి. పక్ గోడకు తగిలితే బయటకు పోదు, తిరిగి ఆటలోకే వస్తుంది. జట్టుకు ఒక గోలీ (గోల్‌కీపర్), ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒక్కో షిఫ్ట్ ముప్పావు నిమిషం. అంతసేపూ ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి ఆడి బెంచీకి వచ్చేయాలి. మళ్లీ రెండు నిమిషాలకు పిలుపు.

డిఫెన్స్‌మన్ పనిలో అతి కష్టమైనది వెనక్కి స్కేటింగ్ చేస్తూ, ముందుకు దూసుకొస్తున్న ఫార్వర్డ్‌ను ఎదుర్కోవడం. ఇద్దరి మధ్య ఉండే దూరాన్ని గ్యాప్ అంటారు. గ్యాప్ ఎక్కువైతే వాడు తీరిగ్గా గురి చూసి కొడతాడు. తక్కువైతే ఒక్క ఊపుతో పక్కనుంచి దాటిపోతాడు. కబడ్డీ చూసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అనుభవం ఉన్న కార్నర్ డిఫెండర్ తొందరపడి రైడర్ మీదకు దూకడు. వాడి కాళ్లను గమనిస్తూ, దారులు మూసుకుంటూ, వాడే తప్పు అడుగు వేసేదాకా ఓపిక పడతాడు. లిడ్‌స్ట్రోమ్ చేసింది అదే, కాకపోతే అంతకు ఎన్నో రెట్ల వేగంతో.

పాత మ్యాచ్‌ల రికార్డింగులు చూస్తుంటే అతని చేతిలో స్టిక్ ఎప్పుడూ మంచు మీదే ఉండటం కనిపిస్తుంది. స్టిక్ అలా ఆనించి ఉంచితే ప్రత్యర్థి తన తోటివాడికి పాస్ ఇచ్చే దారి మూసుకుపోతుంది. మధ్యలోకి రానివ్వకపోతే వాడు గోడ వైపే పోవాలి. గోడ దగ్గర వాడికి చోటుండదు. అక్కడ స్టిక్ మొనతో చిన్న పోటు పొడిస్తే పక్ జారిపోతుంది. దాన్ని అందుకుని లిడ్‌స్ట్రోమ్ తలెత్తి చూసి ఒక పాస్ ఇస్తాడు, ఆట అటువైపు మళ్లుతుంది. ప్రేక్షకులు ఊపిరి బిగపట్టే ఘట్టం రాకుండానే ప్రమాదం దాటిపోతుంది. రీప్లే వేయడానికి అందులో ఏముంటుంది?

1997 ఫైనల్ అంతా ఈ నిశ్శబ్దపు పనే. ఫిలడెల్ఫియాకు లిండ్రోస్, జాన్ లెక్లెయిర్, మైకేల్ రెన్‌బర్గ్ ముగ్గురూ భారీకాయులు. ‘లీజియన్ ఆఫ్ డూమ్’ అని పేరు. ఆ ముగ్గురు ఫార్వర్డ్‌ల లైన్‌ను ఎదుర్కోవడానికి డెట్రాయిట్ కోచ్ స్కాటీ బౌమన్ తన మొరటు డిఫెండర్ వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్‌ను దింపుతాడనే అందరూ అనుకున్నారు. కాన్‌స్టాంటినోవ్ ఢీకొట్టాడంటే గుర్తుండిపోయేలా ఉండేది. కానీ బౌమన్ దింపింది లిడ్‌స్ట్రోమ్, లారీ మర్ఫీ జంటను. ఇద్దరూ ఒడుపుతో ఆడేవాళ్లు. మర్ఫీని అయితే అంతకు కొన్ని నెలల ముందే టొరంటోలో సొంత అభిమానులే ఎగతాళి చేసి తరిమినంత పని చేశారు. బలానికి బలం పోటీ పెడితే ఆట లిండ్రోస్ కోరుకున్నట్టే సాగుతుందని, అతనికి పక్ అందకుండా చేస్తే ఆ బలంతో పనే ఉండదని బౌమన్ లెక్క. డెట్రాయిట్ నాలుగుకు నాలుగూ గెలిచింది. 1955 తర్వాత ఆ ఊరికి కప్ రావడం అదే మొదలు.

ఆ నిర్ణయం విలువ తెలియాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1995 ఫైనల్లో ఇదే డెట్రాయిట్‌ను స్టీవెన్స్ ఉన్న న్యూజెర్సీ 4-0తో చిత్తు చేసింది. యూరప్ ఆటగాళ్లతో, అందంగా పాస్‌లు ఇచ్చుకునే ఆటతో కప్ గెలవలేరన్న మాట అప్పుడు బలంగా వినిపించింది. యూరప్ వాళ్లు మెత్తన అన్న ఈ ముద్ర కొత్తదేం కాదు. 1973లో స్వీడన్ నుంచి టొరంటోకు వచ్చిన బోర్యె సాల్మింగ్‌ను పిరికివాడని హేళన చేసి, వెంటపడి కొట్టేవాళ్లు. అతను భరించి నిలబడ్డాడు. పదిహేడు సీజన్లు ఆడాడు. నోరిస్ ఓటింగులో రెండుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. సాల్మింగ్ తిన్న దెబ్బలే లిడ్‌స్ట్రోమ్‌కు బాట వేశాయని నేను గట్టిగా నమ్ముతాను.

లిడ్‌స్ట్రోమ్ 1970లో స్వీడన్‌లోని అవెస్టా దగ్గర పుట్టాడు. వెస్టెరోస్ క్లబ్‌లో ఆడుతుండగా 1989 డ్రాఫ్ట్‌లో (క్లబ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) డెట్రాయిట్ 53వ పేరుగా ఎంచుకుంది. అదే డ్రాఫ్ట్‌లో 74వ పేరు సెర్గీ ఫెదొరోవ్, 221వ పేరు కాన్‌స్టాంటినోవ్. ఒక క్లబ్ రాతను మార్చేసిన రోజు అది. 1991లో అమెరికా వచ్చిన మొదటి సీజన్‌లోనే 60 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) సాధించాడు. అయినా చాలాకాలం అతను ‘నమ్మకస్తుడు’ మాత్రమే. పత్రికల్లో పెద్ద అక్షరాలు మిగతావాళ్లవి.

1997 కప్ గెలిచిన ఆరు రోజులకు లిమోజిన్ చెట్టును ఢీకొట్టి కాన్‌స్టాంటినోవ్ కెరీర్ ముగిసిపోయింది. ఆ తర్వాత రక్షణ భారం అంతా లిడ్‌స్ట్రోమ్ మీద పడింది. మరుసటి ఏడు డెట్రాయిట్ మళ్లీ కప్ గెలిచి, చక్రాల కుర్చీలో ఉన్న కాన్‌స్టాంటినోవ్‌ను మంచు మీదకు తీసుకొచ్చి ఆ కప్‌ను అతని ఒళ్లో పెట్టింది. హాకీ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఆ దృశ్యం చూడాలి.

ఇక నోరిస్ సంగతి. 1998, 1999, 2000లో వరుసగా మూడేళ్లు లిడ్‌స్ట్రోమ్‌కు రెండో స్థానమే. 2001లో మొదటిసారి గెలిచేసరికి వయసు 31. యూరప్ ఆటగాడికి ఆ ట్రోఫీ రావడం అదే తొలిసారి. ఓటు వేసేది హాకీ పాత్రికేయులు. వాళ్ల మనసులో కొలబద్దను స్థిరపరిచినవాడు బాబీ ఓర్. 1968 నుంచి వరుసగా ఎనిమిది నోరిస్‌లు గెలిచాడు, ఒక సీజన్‌లో 139 పాయింట్లు చేశాడు. ఓర్ మహానుభావుడు, అందులో మాటే లేదు. కానీ అతని తర్వాత డిఫెన్స్‌మన్‌ను ఎన్ని పాయింట్లు చేశాడన్న దాంతో తూచడం అలవాటైపోయింది. 1984లో 126 పాయింట్లు చేసిన పాల్ కాఫీని కాదని, 33 పాయింట్ల రాడ్ లాంగ్‌వేకు ఓటర్లు ట్రోఫీ ఇచ్చారు. అలాంటి ధైర్యం మళ్లీ పెద్దగా కనబడలేదు. 2023లో ఎరిక్ కార్ల్‌సన్ 101 పాయింట్లతో గెలిచాడు. ఆ సీజన్‌లో అతని ప్లస్-మైనస్ మైనస్ 26. అంటే అతను మంచు మీద ఉన్నప్పుడు, ఆ లెక్కలోకి వచ్చే గోల్స్‌లో, తన జట్టు వేసినవాటి కంటే ఇచ్చుకున్నవి 26 ఎక్కువ. ప్లస్-మైనస్ లోపాలున్న కొలతే, జట్టు బలహీనమైతే ఎవరి అంకె అయినా పడిపోతుంది. అయినా రక్షకుడికి ఇచ్చే బహుమతి విషయంలో ఆ అంకె ఎవరినీ ఆపలేకపోవడం నాకు మింగుడుపడదు.

లిడ్‌స్ట్రోమ్ కెరీర్ మొత్తం మీద ప్లస్ 450. బలమైన జట్టులో ఆడాడన్నది నిజమే. కానీ ఆ జట్టు ఇరవై సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్‌కు దూరం కాకపోవడానికి అతను పెద్ద కారణం. కోచ్‌లు, కెప్టెన్లు, గోలీలు మారారు. అతను మారలేదు.

అతనికి అనుకూలంగా ఇంకో బలమైన సాక్ష్యం 2005. అంతకు ముందు సీజన్ మొత్తం లాకౌట్‌తో రద్దయింది. తిరిగి మొదలయ్యేసరికి లీగ్ నిబంధనల అమలును కఠినం చేసింది. ఫార్వర్డ్‌ను స్టిక్‌తో కొక్కెం వేసి లాగడం, పట్టుకోవడం ఇక కుదరదంది. పొడవైన పాస్‌లకు దారి తెరిచింది. పట్టుకుని, గుంజి, బరువుతో నెట్టుకొచ్చిన డిఫెన్స్‌మన్‌లు చాలామంది ఒక్కసారిగా నెమ్మదైపోయారు. అప్పటికి లిడ్‌స్ట్రోమ్‌కు 35 ఏళ్లు. ఆ సీజన్‌లోనే కెరీర్‌లో అత్యధికంగా 80 పాయింట్లు చేశాడు. 2006, 2007, 2008 మూడేళ్లూ నోరిస్ అతనిదే. అతను ఎవరినీ పట్టుకుని ఆడేవాడు కాదు కాబట్టి కొత్త నిబంధనతో వదులుకోవాల్సింది ఏమీ లేకపోయింది. 1,564 మ్యాచ్‌ల్లో పెనాల్టీగా బయట కూర్చున్న నిమిషాలు 514. రెండు నిమిషాల పెనాల్టీ ఆరు మ్యాచ్‌లకు ఒకటి చొప్పున. రోజూ లీగ్‌లోని అత్యుత్తమ ఫార్వర్డ్‌లను కాచుకునేవాడికి ఇది నమ్మశక్యం కాని లెక్క.

శరీరం విషయమూ అంతే. ఇరవై సీజన్లలో అతని జట్టు ఆడిన రెగ్యులర్ మ్యాచ్‌లు 1,608. అతను ఆడనివి 44, అందులో 12 ఆఖరి సీజన్లోనివే. ఓర్ మోకాళ్లు అతన్ని 657 మ్యాచ్‌లకే ఆపేశాయి. అదృష్టం కొంత ఉంటుంది, కాదనను. కానీ ఇతరులను గుద్దడం మీద ఆధారపడని ఆటగాడు తన ఒంటిని కూడా కాపాడుకున్నాడన్నది ఇంకా పెద్ద నిజం.

అతను దాడి చేయలేనివాడేం కాదు. డెట్రాయిట్ జో లూయిస్ అరీనాలో గోల్ వెనక బోర్డులకు తగిలితే పక్ బాగా ఎగిరిపడేది. లిడ్‌స్ట్రోమ్ బ్లూ లైన్ నుంచి కావాలనే గోల్ పక్కకు కొట్టేవాడు. పక్ గోడకు తగిలి అటువైపు కాచుకున్న తోటివాడి స్టిక్ ముందుకు వచ్చి పడేది. క్యారమ్స్‌లో రీబౌండ్ షాట్ కొట్టినంత లెక్కగా! 2002 ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో డెట్రాయిట్ 0-2తో వెనకబడి ఉండగా, వాంకోవర్‌లో జరిగిన మూడో మ్యాచ్‌లో, స్కోరు 1-1 ఉన్నప్పుడు, రెండో పీరియడ్ చివరి అరనిమిషంలో సెంటర్ లైన్ దగ్గర నుంచి కొట్టిన పక్ గోలీ డాన్ క్లూటియేను దాటి లోపలికి వెళ్లిపోయింది. సిరీస్ అక్కడ తిరిగింది. డెట్రాయిట్ కప్ దాకా వెళ్లింది. ప్లేఆఫ్‌లలో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ తొలిసారి ఒక యూరప్ ఆటగాడి చేతికి వచ్చింది. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్ ఫైనల్లో ఫిన్లాండ్ మీద స్వీడన్‌కు స్వర్ణం తెచ్చిన గోల్ కూడా అతనిదే, మూడో పీరియడ్ మొదలైన పది సెకన్లకు. 2008లో యూరప్‌లో పుట్టి పెరిగిన కెప్టెన్ చేతుల్లో స్టాన్లీ కప్ మొదటిసారి లేచింది. ఆ కెప్టెన్ అతనే.

ఒక్క విషయంలో మాత్రం నేను అతని అభిమానులతో ఏకీభవించను. 2011లో 41 ఏళ్ల వయసులో వచ్చిన ఏడో నోరిస్. ఆ సీజన్‌లో అతని ప్లస్-మైనస్ జీవితంలో మొదటిసారి సున్నా కిందకు పడింది, మైనస్ 2. ఇంకో డిఫెన్స్‌మన్ షే వెబర్ మీద కొద్ది ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ బహుమతి 62 పాయింట్లకూ పేరుకూ ఇచ్చినట్టే ఉంది. 1998లో అతనికి ఇవ్వాల్సింది 2011లో ఇచ్చారని సరిపెట్టుకోవచ్చేమో. కానీ దానివల్ల నష్టపోయింది వెబర్, ఓ పాతికేళ్ల కుర్రాడు. స్టీవెన్స్‌కు అయితే నోరిస్ ఒక్కసారీ రాలేదు, అదీ న్యాయమని నేను అనను.

స్టీవెన్స్ గొప్ప ఆటగాడే. నియమాలు ఒప్పుకున్నదే చేశాడు. తలకు తగిలే అలాంటి కొన్ని దెబ్బల మీద లీగ్ ప్రత్యేక నిబంధన తెచ్చింది 2010లో, లిండ్రోస్ పడిపోయిన పదేళ్లకు. ఈ మధ్యలో ఎంతమంది తలలు దెబ్బతిన్నాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. దెబ్బ లేకుండానే ఆపవచ్చని 1997లోనే, అంత పెద్ద వేదిక మీద, ఒకడు చేసి చూపించాడు. చూసినవాళ్లు అది లిడ్‌స్ట్రోమ్‌కే సాధ్యమని పక్కన పెట్టేశారు. అతనికి ‘పర్‌ఫెక్ట్ హ్యూమన్’ అని పేరు పెట్టింది కూడా అందుకేనేమో అనిపిస్తుంది. మహాత్ముడని దండం పెట్టేస్తే అతని దగ్గర నేర్చుకునే బాధ్యత తప్పుతుంది కదా. నిజానికి అతను చేసినదంతా నేర్పగలిగినదే. గ్యాప్, స్టిక్ ఎక్కడుండాలి, తొందరపడకపోవడం.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, కాంటన్‌లలో చాలా తెలుగు కుటుంబాలు ఉన్నాయి. రెడ్ వింగ్స్ గుర్తయిన రెక్కలున్న చక్రం బొమ్మ వాళ్ల పిల్లలకు కొత్త కాదు. వాళ్లలో ఎవరైనా ఈ ఆట గురించి అడిగితే స్టీవెన్స్ దెబ్బ వీడియో చూపించకండి. అది అర నిమిషంలో దొరుకుతుంది, అర నిమిషంలో అయిపోతుంది. 1997 ఫైనల్ మొదటి మ్యాచ్ మొత్తం పెట్టండి. లిండ్రోస్ మంచు మీదకు వచ్చినప్పుడల్లా పక్‌ను వదిలేసి 5వ నంబర్ జెర్సీ వెంటే చూడమనండి.