పుస్తకాన్ని కడగొద్దు, కిటికీ తెరవండి

కరోనా మొదటి నెలల్లో గ్రంథాలయాలను వేధించిన ప్రశ్న ఒకటుంది. పాఠకుడు తిరిగిచ్చిన పుస్తకం మీద వైరస్ ఎన్నాళ్లు ఉంటుంది? పేపరు ముట్టుకుంటే అంటుకుంటుందేమోనని ఇళ్లలో దినపత్రికలు మాన్పించిన రోజులవి. అమెరికాలో గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ వంటివి ‘రీల్మ్’ ప్రాజెక్టు కింద ప్రయోగశాలలో దీన్ని పరీక్షింపజేశాయి. విడివిడిగా ఉంచిన పుస్తకాల మీద మూడు రోజుల తర్వాత వైరస్ జాడ లేదు. ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు మాత్రం ఆరు రోజులకూ కనిపించింది. తిరిగొచ్చిన పుస్తకాలను గోనెసంచుల్లో కుక్కి మూలన పడేసే పద్ధతి విడిగా ఆరబెట్టడం కన్నా అధ్వానమన్నమాట. వానాకాలమైతే పైగా బూజు కూడా.

ప్రయోగశాలలో జాడ కనబడటం వేరు, మనిషికి జబ్బు రావడం వేరు. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆ తేడాను అంకెల్లో చెప్పింది. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ. అప్పటికి ఏడాదిపాటు గ్రంథాలయాల శ్రమ ఎంతో పుస్తకాల మీదే పోయింది.

ఈ భయం కొత్తదేం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర క్షయ, మశూచి, స్కార్లెట్ జ్వరం పుస్తకాల ద్వారా పాకుతాయని ఇంగ్లండ్, అమెరికాల్లో గట్టిగా నమ్మారు. అంటురోగం ఉన్నవారు గ్రంథాలయ పుస్తకం తీసుకోవడం నేరమని బ్రిటన్ 1907లో చట్టమే చేసింది. జరిమానా 40 షిల్లింగుల దాకా. పుస్తకాలకు ఫార్మాల్డిహైడ్ పొగపెట్టారు, కొన్నింటిని కాల్చేశారు. ఆ భయానికి తగిన ఆధారం మాత్రం దొరకలేదు. అయినా ప్రతి కొత్త జబ్బుకూ మన చేతులు ముందు పుస్తకం మీదికే వెళ్తున్నాయి.

వెళ్తే పుస్తకమే పాడవుతుంది. బ్లీచింగ్ నీళ్లు కాగితాన్ని పెళుసు చేస్తాయి. శానిటైజర్ సిరాను, అట్ట మీది పూతను కరిగిస్తుంది. అతినీలలోహిత దీపం పై పేజీని తాకుతుందే తప్ప లోపలి పేజీల్లోకి వెళ్లదు, కాగితాన్ని పసుపెక్కిస్తుంది. నిజంగా అనుమానం ఉంటే పుస్తకాలను బల్లమీద విడివిడిగా మూడు రోజులు ఉంచి బీరువాలో పెడితే చాలు. బ్లీచింగ్ తలుపు గొళ్లేలకు, కుళాయిలకు, నేలకు. 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ లీటరు నీటికి 30 గ్రాములు కలిపితే దాదాపు ఒక శాతం ద్రావణం వస్తుంది. పది నిమిషాలు ఆగి, ఇనుప భాగాలను మంచినీళ్లతో తుడిచేయాలి, లేకపోతే తుప్పు పడతాయి. మూతి కట్టకుండా నెలల తరబడి ఉంచిన బస్తాలో పౌడర్ బలం పోయి ఉంటుంది. టాయిలెట్లు కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

కరోనా లాంటి జబ్బుకు అసలు ప్రమాదం గాలిలో ఉంది. మన రీడింగ్ హాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివేవాళ్లు అదే కుర్చీలో ఎనిమిది, పది గంటలు కూర్చుంటారు. మాటల్లేని గది కావడం కొంత మేలే, మాట్లాడేటప్పటికన్నా ఊరకే ఊపిరి పీల్చి వదిలేటప్పుడు తుంపరలు తక్కువ. కానీ అన్ని గంటలు కూర్చోవడం ఆ మేలును మింగేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. హాలు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు అనుకుంటే 336 ఘనపు మీటర్లు. గంటకు కనీసం అయిదుసార్లు గాలి మారాలన్న సీడీసీ సూచన ప్రకారం 1,680 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి సెకనుకు 10 లీటర్లు అంటుంది. 60 మంది కూర్చుంటే గంటకు 2,160 ఘనపు మీటర్లు, వంద మంది ఇరుక్కుంటే 3,600. రెండు లెక్కల్లో పెద్దది పట్టుకోవాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ డబ్బా మీద గంటకు ఎంత గాలి లాగుతుందో రాసి ఉంటుంది. జాలీ, మురికి రెక్కలు దాన్ని తగ్గిస్తాయి కాబట్టి అందులో మూడో వంతు కొట్టేసి ఎన్ని ఫ్యాన్లు కావాలో చూసుకోవాలి.

తప్పులు జరిగేది బిగింపులో. తెరిచిన తలుపు పక్కనే ఫ్యాన్ పెడితే అది తలుపు దగ్గరి గాలినే లాగి బయటికి పంపుతుంది, హాలు అవతలి మూలలో గాలి కదలదు. ఫ్యాన్ ఒక గోడకుంటే తెరిచే కిటికీలు ఎదుటి గోడకుండాలి. అగరొత్తి వెలిగించి మూలమూలా పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కనబడుతుంది, ఇంతకన్నా చౌకైన పరీక్ష లేదు. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా లోపలి గాలినే చల్లబరుస్తుంది, బయటి గాలి తేదు. కిటికీలకు అడ్డంగా బీరువాలు నిలబెట్టడం, పావురాల భయంతో అట్టముక్కలు కొట్టేయడం చాలాచోట్ల ఉన్నదే. ముందు బీరువాలు జరపాలి, అట్టల బదులు వల బిగించాలి. కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనగలిగితే కొనాలి, మనుషులు వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది చెబుతుంది. బయటి గాలిలో 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) దగ్గర ఉంటుంది. లోపల 800 మించకుంటే మేలు, వెయ్యి దాటితే కుర్చీలు తగ్గించాల్సిందే. ఉదయం ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు అనుకుంటే మధ్యలో హాలు ఖాళీగా ఉండాలి. గంటకు అయిదుసార్లు గాలి మారే గదిలో పాత గాలి 95 శాతం పోవడానికి సుమారు 36 నిమిషాలు పడుతుంది.

జబ్బు మారితే ఇదంతా మారుతుంది. డెంగీకి కిటికీ లెక్కలు పనికిరావు. ఆ దోమ పగలే కుడుతుంది, బల్లకింద కాళ్లు దానికి అనువు. ఎయిర్ కూలర్ తొట్టి వారానికోసారి ఖాళీ చేస్తే సరిపోదు, గోడలకు అంటిన గుడ్లు తడి లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి బ్రష్‌తో గీకాలి. ఫాగింగ్ ఆ పూట ఎగిరే దోమలనే చంపుతుంది. నీటి జబ్బులకైతే గ్లాసు ముంచే కుండ తీసేసి కుళాయి ఉన్న డబ్బా పెట్టాలి.

మూసేయాల్సి వస్తే ఏం పోతుందో కూడా తెలిసి ఉండాలి. ఈ-పుస్తకాలున్నాయి కదా అని అధికారులు తేలిగ్గా అంటారు. మన గ్రంథాలయం నిరుద్యోగికి ఇస్తున్నది ముఖ్యంగా ఒక కుర్చీ, ఒక లైటు, ఒక ఫ్యాన్, కాస్త నిశ్శబ్దం. ఇరుకు అద్దెగదిలో నలుగురితో ఉండేవాడికి ఫోన్‌లో పీడీఎఫ్ వాటి బదులు కాదు. అందుకే మొత్తం తాళం వేసే ముందు వసారాలో, చెట్టుకింద, పందిరి వేసి ఎన్ని కుర్చీలు పడతాయో చూడాలి. పుస్తకాలు కిటికీలోంచి ఇవ్వొచ్చు. గడువు దాటిన జరిమానా మాఫీ చేయాలి, లేకుంటే భయపడి పుస్తకమే తిరిగి రాదు.

2021 మేలో 18 నుంచి 44 ఏళ్లవారు టీకాకు ప్రభుత్వ వెబ్‌సైట్ కోవిన్‌లో ముందుగా నమోదు చేసుకోవాల్సి వచ్చింది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు వెనకబడ్డారు. ఒక నంబరు మీద నలుగురిని నమోదు చేసే వీలుండేది. కంప్యూటర్ ఉన్న శాఖా గ్రంథాలయం కిటికీ దగ్గర ఒక ఉద్యోగిని కూర్చోబెట్టి ఉంటే ఆ వీధికంతా పని జరిగేది. శాన్ ఫ్రాన్సిస్కోలో గ్రంథాలయ ఉద్యోగులు రోగుల కాంటాక్టులు వెతికే పని చేశారు, వాషింగ్టన్ డీసీలో గ్రంథాలయాల నుంచే ఇంటి పరీక్ష కిట్లు పంచారు. మన దగ్గర ఆ ఉద్యోగి, ఆ కిటికీ రెండూ ఉన్నాయి, అడిగినవారే లేరు.

డబ్బు సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. స్థానిక సంస్థలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయకపోవడం పాత జబ్బే. ఆ బకాయి వచ్చిన నెలలో మొదటి ఖర్చు రంగులకు, బోర్డులకు కాకుండా జాలీలకు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లకు పెట్టాలి. జూన్ వానలకు ముందే బిగించేస్తే ఆ ఏడాది బూజు కూడా తగ్గుతుంది.