సవరణ: ‘సాల్వేషన్’ పేరు కోర్టుకెక్కలేదు

బీరు తయారీదారులు చేతులు కలపడం గురించి మొన్న రాస్తూ, కొలరాడోలోని ఏవరీ, కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ సంస్థలు ‘సాల్వేషన్’ అనే పేరు కోసం కోర్టుకెక్కి, తర్వాత రాజీపడ్డాయన్నాను. తప్పు. దావా పడనే లేదు. ఇద్దరి దగ్గరా అదే పేరుతో బెల్జియన్ తరహా బీర్లున్నాయని తెలిశాక, గొడవెందుకని రెండింటినీ కలిపేశారు. 2006లో వచ్చిన ఆ బీరు పేరే ‘కొలాబరేషన్ నాట్ లిటిగేషన్’, అంటే వ్యాజ్యం కాదు, సహకారం అని. సీసా మీదే రాసి ఉన్న సంగతి నా బుర్రకెక్కలేదు చూడండి!

ఇంకోటి. ఒకే పాత్రలో కలిపి కాచారన్నాను, అదీ కాదు. ఏవరీది బంగారు రంగు, రష్యన్ రివర్‌ది ముదురు రంగు. వేర్వేరుగా తయారైన ఈ రెండింటినీ తర్వాత కలిపారు. ఇద్దరూ కూర్చుని ఒకే కొత్త బీరు కాచడం వేరే పద్ధతి. పాత రాతలో రెండు వాక్యాలూ మార్చాను.