పిండేసిన నిమ్మచెక్క గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నిమ్మచెక్క గారికి,
వంటింటి సింకు గట్టు, సబ్బుపెట్టె పక్కన.

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. కానీ ఇరుపక్షాలా కుశలం ఉంటే కదా ఆ మాట చెల్లేది! తమరేమో పులిహోరలోకి రసమిచ్చి, గింజలు రాల్చి, చల్లగా గట్టు మీద కూర్చున్నారు. తమరు రుద్దిన మొహాలే మండుతున్నాయి.

ముందు తమరి గొప్ప ఒప్పుకుంటాం. గూడూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్ల నుంచి బస్తాలకెక్కి వస్తారు. మజ్జిగలో పడతారు. పచ్చిమిరపకాయలతో కలిసి కొట్టు గుమ్మానికి వేలాడతారు. కొత్త బండి టైరు కింద నలిగి దిష్టి తీస్తారు. ఇన్ని ఉద్యోగాలున్నవారు బ్యూటీ పార్లర్ కూడా తెరవాలా? అయినా పిలిచింది మేమే. పిండేశాక ఎలాగూ పారేసే చెక్కే కదా, "ఊరికే పోనివ్వడమెందుకు, మోచేతికి రుద్దుకో" అన్నాం. మోచేతి దగ్గర మొదలై మెడకు, మొహానికి, మాడుకు, చివరికి గోళ్లకు పాకారు. 2022 వేసవిలో కాయ పది రూపాయలు దాటినప్పుడు మాత్రమే మొహాలకు కొన్నాళ్లు సెలవు దొరికింది.

తమరి అర్హతలు ఒకసారి చూద్దాం. అందరూ చెప్పేది 'సి విటమిన్'. తమరి రసం 100 గ్రాముల్లో అది ఉండేది సుమారు 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. చర్మానికి పనికొచ్చేలా చేసిన సీరమ్‌లలో 10 నుంచి 20 శాతం దాకా వేస్తారు. తమరిలో దండిగా ఉన్నది సిట్రిక్ ఆమ్లం. తమరి పీహెచ్, అంటే పులుపు కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ), రెండూ రెండున్నరా. చర్మం పైపొరది ఐదుకు దగ్గర. పీహెచ్‌లో ఒక్కో మెట్టుకూ పదింతలు లెక్క, కాబట్టి తేడా వందల రెట్లు. నల్లబడ్డ రాగిచెంబు మీద ఉప్పుతో కలిసి తమరు చేసేదీ ఇదే పని: పైన పట్టిన ఆక్సైడ్‌ను కరిగించి కింది రాగిని బయటపెడతారు. చెంబుకు అది మెరుపే. బుగ్గ పైపొర పోతే మాత్రం కింద రాగి ఉండదు.

ఎండ సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లీషు చిట్కాల్లో 'లెమన్' అనేది దళసరి తొక్క ఉన్న పెద్ద పసుప్పచ్చ కాయ. మన ఇళ్లలో నిమ్మకాయంటే పల్చటి తొక్క ఉన్న చిన్న గుండ్రటి కాయ; వాళ్ల భాషలో అది 'లైమ్'. చిట్కా వాళ్లది, కాయ మనది. ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలు ఈ లైమ్ జాతిలో ఎక్కువ. అందులోనూ రసంలో కంటే తొక్కలో ఎక్కువ, అంటే సరిగ్గా బుగ్గకు రుద్దే భాగంలో. అవి చర్మం మీద ఉండగా ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే కాలిన గాయంలాంటిదే తేలుతుంది. వెంటనే తెలియకపోవడం అసలు చిక్కు. మర్నాటికి ఎర్రబడుతుంది, రెండు మూడు రోజులకు మంటా బొబ్బలూ ముదురుతాయి. మానాక గోధుమరంగు మచ్చ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉండిపోతుంది. ఆ మచ్చలు రసం కారిన దారినే చారలుగా, రాసిన వేళ్ల ముద్రలుగా పడతాయి కాబట్టి తెలిసినవాళ్లు చూడగానే పోల్చేస్తారు. నలుపు తీయడానికి వచ్చినవారు నలుపు పెట్టి వెళ్లారన్నమాట. ఇంత చేసీ తమరు నిమ్మకు నీరెత్తినట్టే ఉంటారు. సామెత ఊరికే పుట్టలేదు.

తమరి సావాసగాళ్లూ తక్కువవాళ్లు కారు. వంటసోడా కలిపితే బుసబుసా నురగ లేస్తుంది, మురికి కదిలిందని సంబరం. ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. మిగిలేది సోడియం సిట్రేట్ నీళ్లు. చక్కెర పలుకులు మొహాన్ని సన్నగా గీరతాయి, ఆ గీతల్లోకి తమరు దిగుతారు. భగ్గుమంటే "పనిచేస్తోంది" అనుకుంటారు పాపం.

మరి తమరిని తప్పిస్తే ఎవరిని పెట్టుకోవాలి? ఖరీదైన డబ్బాలేం అక్కర్లేదు. అరకిలో పెసలు ఎండబెట్టి, ఒక చెంచా కస్తూరి పసుపు వేసి మర పట్టించి, పల్చటి నూలుగుడ్డలో జల్లించాలి. ఆ జల్లించడం బద్ధకించే చాలామంది సున్నిపిండిని తిడతారు. చిటికెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడండి: రవ్వ తగిలిందంటే అది కాళ్లకు, తగలకపోతేనే మొహానికి. రెండు చెంచాల పిండి అరచేతిలో పోసుకుని, జారుడు పెరుగంత పల్చగా నీళ్లతో కలిపి, తడి మొహానికి పూసి, అరనిమిషం మెల్లగా తిప్పి కడిగేయడమే. పెచ్చులు కట్టేదాకా ఉంచితే చర్మంలో తేమంతా లాగేస్తుంది, ఊడదీసేటప్పుడు రాపిడి అదనం. ఇంకో మాట. పాతకాలపు సున్నిపిండి కొలతల్లో బావంచాల గింజలు కూడా వేస్తారు. ఎండలో తిరిగేవాళ్లు అవి మానేయడం మంచిది. వాటిలో ఉండే సోరాలెన్ తమరి ఫ్యూరనోకౌమరిన్లకు దగ్గరి చుట్టం. బొల్లికి డాక్టర్లు కొలిచిన వెలుగుతో కలిపి వాడే మందులూ ఆ జాతివే. వాళ్లు లెక్కగట్టి వాడేదాన్ని మనం చెంచాలతో వేసుకుని బస్టాపులో నిలబడితే ఎలా?

తేమకు గ్లిజరిన్ ఉంది, మందుల షాపులో చిన్న సీసా. ఒక వంతు గ్లిజరిన్‌కు మూడు వంతుల రోజ్‌వాటర్, తడి ఆరని చర్మం మీద. వారానికి సరిపడా మాత్రమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. హైదరాబాద్ చలికాలం గాలికి అదొక్కటే చాలదు, పైన పల్చగా పెట్రోలియం జెల్లీ రాస్తే తేమ ఎగిరిపోదు. ఈ మందు ఎవరు చెప్పినా చివర్లో "అరచెక్క నిమ్మరసం" అని తగిలిస్తారు. పెళ్లి శుభలేఖలో 'బంధుమిత్రుల అభినందనలతో' లాగా, తమరు లేకపోతే చిట్కా అచ్చు కాదేమో.

మొటిమలకైతే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, రోజు విడిచి రోజు రాత్రి, పల్చగా. ఘాటు ఎక్కువైతే గుణం ఎక్కువని 10 శాతం కొనక్కర్లేదు, మంటే ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి. దిండు గలీబు రంగు పోతుంది, పాతది వేసుకోండి. ఎండకు సన్‌స్క్రీన్ కొనగలిగితే సరే, లేకపోతే నల్లగొడుగూ పొడుగు చేతుల చొక్కా కూడా తక్కువ పని చేయవు.

మెడ గురించి మాత్రం తమరిని నిలదీయాల్సిందే. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా తేలితే అది మట్టి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. తమరితో రుద్దీ రుద్దీ పుండు చేసుకున్నా అది పోదు. ఆ చెక్కలు పక్కన పెట్టి పరగడుపున షుగర్ పరీక్ష చేయించుకోవాలి.

ఇక మాడు. చుండ్రు వెనక ఉండేది మలసేజియా అనే ఈస్ట్. తమరు రుద్దితే పైపొట్టు రాలి రెండు రోజులు బాగున్నట్టుంటుంది, మూడో రోజుకు మామూలే. 2 శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. జుట్టుకు కాదు, మాడుకు పట్టించి మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. పెట్టిన వెంటనే కడిగేసి "ఈ మందు కూడా పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. చుండ్రున్నప్పుడు మాడుకు నూనె పట్టించడం ఆ ఈస్ట్‌కు భోజనం పెట్టడమే. కొవ్వు ఆమ్లాలు తినే అది బతుకుతుంది. నూనె చెవుల కింది నుంచి కొసల వరకు, తలంటుకు ముందు, ఒక్క చెంచా చాలు. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి ప్రోటీన్ నష్టం తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలు ఆ పని చేయలేదనీ 2003లో ఒక పరిశోధన అచ్చయింది. చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్లే, ఆ మాటా చెప్పుకోవాలి.

కుంకుడుకాయలు భుజాల వరకు జుట్టుకు పది. పగలగొట్టి, గింజ తీసి, గ్లాసున్నర వేడినీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి, గుడ్డతో వడకట్టాలి. జల్లెడతో సరిపెడితే పిప్పి జుట్టులో ఇరుక్కుని దువ్వెన మొర పెడుతుంది. తల వెనక్కి వాల్చి పోసుకోకపోతే కళ్లు ఏం చెబుతాయో చిన్నప్పుడు తలంటు పోయించుకున్న ప్రతివాళ్లకూ తెలుసు. మిగిలిన రసం మర్నాటికి కంపు కొడుతుంది, దాచొద్దు.

తమరికి జుట్టు శాఖలో ఒక చిన్న ఉద్యోగం ఉంది, అన్యాయం చేయం. బోరునీళ్లతో, సబ్బుతో తలస్నానం చేసేవాళ్ల జుట్టు మీద జిగట తెట్టు పేరుకుంటుంది. నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి చేసే పని అది. లీటరు మగ్గు నీళ్లలో ఒక్క చెంచా తమరి రసం కలిపి పోస్తే ఆ తెట్టు విరుగుతుంది. ఆపైన మామూలు నీళ్లు. చెంచా అంటే చెంచాయే. "ఇంకాస్త" అని చెక్క తెచ్చి మాడుకు రుద్దితే ఉద్యోగం ఊడుతుంది.

గోళ్ల దగ్గర తమరి వేషం చూడాలి! గోరుచుట్టు లేస్తే తమరికి చిల్లు పెట్టి వేలికి టోపీలా తొడుగుతారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు, ఆ రోకలి తమరే. రాత్రంతా నానితే గోటి చుట్టూ చర్మం మెత్తబడి చిట్లుతుంది, క్రిములకు తలుపు తీసినట్టే. గోరువెచ్చటి నీళ్లలో పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు, తర్వాత పొడిగా తుడవడం. చీము కనబడినా, ఎరుపు పైకి పాకినా, మనిషికి షుగర్ ఉన్నా డాక్టర్ దగ్గరికే. గోళ్లకు పట్టిన వంట పసుపు పోవాలంటే రెండు చుక్కల నూనె రుద్ది సబ్బుతో కడగాలి. పసుపు రంగు నూనెలో కరుగుతుంది, తమరి పులుపులో కాదు. కాలిగోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు లోతుగా తీస్తే కండలోకి గుచ్చుకుంటాయి. మడమ పగుళ్లకు నీళ్లలో నానబెట్టడం, కాళ్లు రుద్దే రాయి, పెట్రోలియం జెల్లీ, పాత మేజోళ్లు. ఆ పగుళ్లలోకి తమరిని పిండితే వీధి చివరిదాకా కేక వినబడుతుంది.

రేపు శుక్రవారం. దేవుడి గూట్లో రాగిచెంబు నల్లబడింది, ఇత్తడి కుందులకు జిడ్డు పట్టింది. అరచెంచా ఉప్పు తీసుకుని అక్కడికి రండి. తోమే చేతులు సబ్బుతో కడుక్కోకుండా బట్టలారేయడానికి మేడెక్కొద్దని మేం ఇంట్లో చెప్పి ఉంచుతాం.

ఇట్లు,
తమరి పులిహోరకు మాత్రమే విధేయులు