స్పర్స్ స్టేడియం కచేరీ హాలా? ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఫుట్‌బాల్ చూసే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "లండన్‌లో టోటెన్‌హామ్ వాళ్లు కట్టింది ఫుట్‌బాల్ స్టేడియం కాదు, కచేరీ హాలు. బియాన్సే పాడుతుంది, అమెరికా వాళ్లు వాళ్ల ఫుట్‌బాల్ ఆడుకుంటారు, బాక్సర్లు కొట్టుకుంటారు. గడ్డి నాశనం. ఉన్న డబ్బంతా స్టేడియం అప్పుకే పోతోంది, అందుకే కప్పులు రావు. లోపల చీజ్ తినడానికి ప్రత్యేకంగా ఒక గది కూడా ఉంది."

నేను స్పర్స్ (టోటెన్‌హామ్ జట్టు ముద్దుపేరు) అభిమానినే. 2019 ఏప్రిల్ 3న ఆ స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్, క్రిస్టల్ ప్యాలెస్‌తో. మనకు అర్ధరాత్రి దాటింది. సన్ హ్యూంగ్ మిన్ తొలి గోల్ కొట్టేసరికి ఒంటిగంట కూడా దాటిపోయింది. ఇంట్లోవాళ్లు లేస్తారని టీవీ మ్యూట్‌లో పెట్టుకుని చూశాను. కాబట్టి నాకు పక్షపాతం లేదని చెప్పను. కానీ ఈ మెసేజ్‌లో తప్పులున్నాయి, వాటి కింద ఒక నిజమైన ప్రశ్న కూడా నలిగిపోతోంది.

ముందు చీజ్ గది సంగతి తేల్చేద్దాం. అలాంటి ఆలోచన ఒకటి ఉందని కట్టేటప్పుడు వార్తలొచ్చాయి, తర్వాత అది అటకెక్కింది. మిగతా జట్ల అభిమానులు మాత్రం ఇప్పటికీ వదలట్లేదు. లోపల నిజంగా ఉన్నవి 65 మీటర్ల పొడవున్న బార్ ఒకటి, గ్లాసు అడుగు నుంచి బీరు నింపే యంత్రాలు. వెక్కిరించాలంటే వాటిని వెక్కిరించండి, కనీసం ఉన్నవి.

ఇక గడ్డి. ఈ మాటను మనవాళ్లు వెంటనే నమ్మేయడానికి కారణముంది. మన అనుభవం అలాంటిది. హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో ఆటలూ జరుగుతాయి, బహిరంగ సభలూ జరుగుతాయి. 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం జరిగింది కూడా అక్కడే. మైదానంలోకి స్టేజీ, కుర్చీలు, జనం వచ్చారంటే గడ్డి పనైపోయినట్టే అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

టోటెన్‌హామ్‌లో కచేరీలప్పుడు అసలు ఆ గడ్డి మీదకు ఎవరూ రారు. పిచ్ మొత్తం మూడు భారీ ట్రేలలో ఉంటుంది, ఒక్కోటి 3,000 టన్నుల పైమాటే. ఒక గోల్ నుంచి ఇంకో గోల్ దాకా నిలువుగా విడిపోతాయి. సౌత్ స్టాండ్‌ను మోసే స్తంభాలు దారికి అడ్డం కాబట్టి, ముందు ట్రేల మధ్య కాస్త ఎడం ఇచ్చి, తర్వాత మూడింటినీ ఆ స్టాండ్ కిందకు జరుపుతారు. సుమారు 25 నిమిషాల పని, అంటే మనం టీ పెట్టుకుని తాగి గిన్నె కడిగేలోపు అయిపోతుంది. కింద దాదాపు మీటరున్నర లోతులో కృత్రిమ గడ్డి బయటపడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటలైనా, కచేరీలైనా దాని మీదే. అసలు గడ్డి స్టాండ్ కింద దీపాల వెలుతురులో ఉంటుంది.

నిజంగా పాడైన గడ్డి మీద స్పర్స్ ఆడిన రోజు ఒకటుంది, కానీ అది ఇక్కడ కాదు. 2017లో పాత మైదానం వదిలాక, కొత్త స్టేడియం సిద్ధమయ్యేదాకా వాళ్ల సొంత లీగ్ మ్యాచ్‌లు లండన్‌లోనే ఉన్న వెంబ్లీ స్టేడియంలో జరిగాయి. 2018 అక్టోబర్ 28న అక్కడ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట జరిగింది, మర్నాడే మాంచెస్టర్ సిటీతో లీగ్ మ్యాచ్. పిచ్ నడిమధ్యలో ఎన్‌ఎఫ్‌ఎల్ గుర్తు ఇంకా కనిపిస్తోంది, గడ్డి చిందరవందరగా ఉంది. మారెజ్ గోల్‌తో సిటీ 1-0తో గెలిచింది. పక్కకు జరిపే పిచ్ ఎందుకు కావాలో ఆ ఒక్క రాత్రి చూస్తే చాలు.

"ఫుట్‌బాల్ కోసం కట్టలేదు" అన్నదానికి జవాబు సీట్లలో ఉంది. పాత వైట్ హార్ట్ లేన్‌లో పట్టేది సుమారు 36,000 మంది. కొత్తదాంట్లో 62,850. సౌత్ స్టాండ్ ఒక్కదాంట్లోనే 17,500 మంది, మధ్యలో అంతస్తుల్లేకుండా ఒకే గోడలా. కచేరీ కోసమే కడితే గోల్ వెనక అరుపు కోసం అంత నిటారు స్టాండ్ ఎవరూ గీయరు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. లీగ్‌లో సొంత మైదానంలో ఆడేది ఏడాదికి 19 మ్యాచ్‌లు. ఫుట్‌బాల్ కాని పెద్ద కార్యక్రమాలకు మొదట 16 దాకా అనుమతి ఉండేది, అక్కడి స్థానిక సంస్థ హారింగే కౌన్సిల్ దాన్ని 30కి పెంచింది. అంటే లెక్కకు లెక్క చూస్తే బయటి కార్యక్రమాలే ఎక్కువ కావచ్చు. కానీ పెద్ద కచేరీలు ఎక్కువగా సీజన్ అయిపోయాకే. బియాన్సే 2023లో ఐదు రాత్రులు, 2025లో ఆరు రాత్రులు పాడింది. రెండుసార్లూ అప్పటికి లీగ్ ముగిసిపోయింది. ఇబ్బంది పడేది అభిమానులు కాదు, స్టేడియం ముందున్న హై రోడ్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే, ఫార్వర్డ్‌లో మాత్రం దాని ఊసే లేదు.

కప్పుల సంగతి. 2008లో లీగ్ కప్ గెలిచాక 2025 దాకా స్పర్స్ చేతికి మళ్లీ ఏదీ దక్కలేదు. ఆ ఎదురుచూపుల్లో మొదటి తొమ్మిదేళ్లు పాత మైదానంలో గడిచినవే. అప్పుడు కచేరీలెక్కడివి? తీరా ఎదురుచూపులు ముగిసింది కొత్త స్టేడియం వచ్చాకే: 2025 మే 21న బిల్బావోలో బ్రెన్నన్ జాన్సన్ గోల్‌తో మాంచెస్టర్ యునైటెడ్ మీద 1-0, యూరోపా లీగ్ కప్పు. అదే సీజన్ లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానంలో తేలాం. ఆ ఓటములను బియాన్సే మీద వేస్తామంటే నేనేం చెప్పను!

అప్పు మాటలో కొంత నిజం ఉంది, కానీ అది పాత నిజం. 2018 వేసవిలో స్పర్స్ ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు. వేసవి ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఇచ్చే గడువు) పద్ధతి వచ్చాక ప్రీమియర్ లీగ్‌లో అలా చేసిన మొదటి క్లబ్ అదే. తర్వాతి జనవరిలోనూ అంతే. కట్టడం ఖర్చు నెత్తిమీదున్న రోజులవి. (ఆ సీజన్‌లోనే చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లారన్నది వేరే కథ.) కానీ 2019లోనే ఆ అప్పులో పెద్ద భాగాన్ని దీర్ఘకాలిక బాండ్లుగా మార్చుకున్నారు, సగటు గడువు 23 ఏళ్లు. ఇంటి లోన్ లాంటిది, నెలనెలా కడుతూ మిగతా ఖర్చు చూసుకోవచ్చు. మ్యాచ్ రోజుల ఆదాయమే ఏడాదికి 10 కోట్ల పౌండ్లు దాటుతోంది. అయినా 2023-24లో క్లబ్ ఆదాయంలో సగం కూడా జీతాలకు వెళ్లలేదు. పోటీ జట్లు అంతకంటే చాలా ఎక్కువ వాటా పెడతాయి. అంటే సమస్య డబ్బు లేకపోవడం కాదు, ఎక్కడ ఖర్చుపెట్టాలన్న నిర్ణయం. ఆ నిర్ణయాలు తీసుకున్న చైర్మన్ డేనియల్ లెవీ 2025 సెప్టెంబర్‌లో తప్పుకున్నారు.

ఫార్వర్డ్ రాసినవాళ్లు అడగాల్సింది అడగలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి, కచేరీల నుంచి, బాక్సింగ్ నుంచి డబ్బు వస్తున్నప్పుడు, 2024లో సీజన్ టికెట్ ధర 6 శాతం ఎందుకు పెంచారు? వయసు మళ్లినవాళ్లకు ఇచ్చే రాయితీని ఎందుకు కుదించబోయారు? అక్కడి అభిమానులు దాని మీద ఆందోళన చేశారు. నలభై ఏళ్లుగా అదే మైదానానికి నడిచి వచ్చే తాతకు, బియాన్సే పాడిందా లేదా అన్నది పట్టదు. వచ్చే ఏడాది తన సీటు తనకు ఉంటుందా అన్నదే ఆయన టెన్షన్.