సవరణ: ర్యాగింగ్ చట్టం గురించి నిన్న రాసింది తప్పు
నిన్న నేను ర్యాగింగ్ మీద మనకి చట్టం 2009లోనే వచ్చిందని రాసేశాను, అది తప్పండీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది, ఏడిపించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు ఉందందులో. 2009లో వచ్చినవి యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) నిబంధనలు, ఆ ఏడాది మార్చిలో హిమాచల్ మెడికల్ కాలేజీలో సీనియర్లు కొట్టాక అమన్ కచ్రూ అనే కుర్రాడు చనిపోయాడు కదా, ఆ తర్వాత. వాళ్ళ నాన్న రాజేంద్ర కచ్రూ ఊరుకోలేదు, ర్యాగింగ్ ఆపడానికి యూజీసీతో కలిసి ఏళ్ళ తరబడి పనిచేశారు, నిన్న ఆయన పేరే వదిలేశాను (ఇది ఇంకా పెద్ద తప్పు). ఇంకోటి, నిన్న ఇచ్చిన ర్యాగింగ్ ఫిర్యాదుల హెల్ప్‌లైన్ నంబర్లో ఒక అంకె తేడా పడింది, సరైంది 1800-180-5522, పాతది ఎవరికైనా పంపుంటే ఇది మళ్ళీ పంపండి ప్లీజ్.