తప్పు ఒకరిది, తిప్పలు ఒకరివి

హన్మకొండలో ఒక సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడింది. కారు ఆగింది. దాని వెనకే పత్తి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు పోతున్న ట్రాక్టరు మాత్రం ఆగలేదు. బంపర్ ఊడి రోడ్డు మీద పడింది, డిక్కీ లోపలికి నొక్కుకుపోయింది. అదృష్టం బాగుండి మనుషులకు ఏమీ కాలేదు. ఇది దీపావళి వెళ్లిన వారానికి జరిగింది. సంక్రాంతి కూడా దాటిపోయాక ఆ కారు యజమాని, ప్రభుత్వ బడిలో టీచర్, తన ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలున్న ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని మా పత్రిక ఆఫీసుకు వచ్చారు. అందులో అసలు కాగితాలు నాలుగైదే. మిగతావన్నీ వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు. "సర్వేయర్ సార్ రేపొస్తడు మేడం." "ఫైల్ అప్రూవల్‌కు పోయింది." "లైసెన్స్ కాపీ క్లియర్‌గా లేదు, మళ్లా పెట్టండి." లైసెన్స్ కాపీ ఆమె మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ పెట్టింది ఒకే ఫొటో. మూడోసారికి అది క్లియర్‌గా కనిపించినట్టుంది.

కారు ఇప్పటికీ షెడ్డులోనే ఉంది. మేము వెళ్లి చూశాం. వేపచెట్టు కింద, వెనక అద్దం నిండా రాలిన ఆకులు, పిట్టల రెట్టలు. ఊడిన బంపర్‌ను వెనక సీట్లో అడ్డంగా పెట్టారు. టైర్లలో గాలి సగం దిగిపోయింది. మెకానిక్‌ను అడిగితే తన బాధ తాను చెప్పాడు: "పని రెండు రోజులది సార్. అప్రూవల్ రాకముందే నేను పానా పడితే నా పైసలు ఎవరిస్తరు?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నష్టం లెక్క కట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్‌ను అడిగినా, కాల్ సెంటర్‌లో ఫోనెత్తిన అమ్మాయిని అడిగినా ఇలాగే ఎవరి కారణం వారు చెబుతారు. టీచరమ్మ మమ్మల్ని అడిగింది వేరే ప్రశ్న. "తప్పు నాది కాదని అందరూ ఒప్పుకుంటున్నరు. ఆఖరికి ట్రాక్టర్ తోలిన పిల్లగాడు కూడా. మరి తిరుగుతున్నది నేనొక్కదాన్నే ఎందుకు?"

కొట్టినవాడి ఇన్సూరెన్సే కట్టాలి కదా అని చాలామంది అనుకుంటారు. చట్టం కూడా అదే చెబుతుంది. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం అంటోంది. ఎదుటివారి ఆస్తికి జరిగే నష్టం కూడా ఆ బీమాలో భాగమే. కార్లు, వాణిజ్య వాహనాల పాలసీల్లో ఇది 7.5 లక్షల రూపాయల దాకా ఉంటుంది. కానీ ఆ డబ్బు కోసం వెళ్లాల్సింది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు. ఇంటి పెద్దను పోగొట్టుకున్నవాళ్లు, కాళ్లు చేతులు పోయినవాళ్లు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగే చోటు అది. బంపర్ పోయినవాళ్లూ అదే వరుసలో నిలబడాలి. పైగా అవతలి కంపెనీ లెక్కలో మీరు దాని ఖాతాదారు కారు. మీకు పాలసీ అమ్మలేదు, ప్రీమియం తీసుకోలేదు. అందుకే దాని మీద బీమా ఫిర్యాదులు వినే ఓంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయలేరు, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లలేరు.

ఇదంతా అవతలి బండికి బీమా ఉంటేనే. దేశంలో తిరిగే వాహనాల్లో సగానికి పైగా బీమా లేనివేనని పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికే చెప్పింది. మన దగ్గర పత్తి, వడ్ల సీజన్లలో సాయంత్రం పూట ములుగు రోడ్డు మీదో కరీంనగర్ రోడ్డు మీదో నిలబడితే ఆ లెక్క కళ్లకు కడుతుంది. ట్రాక్టరుకు ఒక నంబరు, ట్రాలీకి ఇంకో నంబరు, రెండింటికీ బీమా ఉండాలి. ట్రాలీకి బీమా సంగతి దేవుడెరుగు, వెనక రేడియం స్టిక్కర్ కనిపిస్తే అదే పదివేలు. బీమా లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 2,000 రూపాయలు. ఆ జరిమానాకు భయపడి ప్రీమియం కట్టేవాళ్లు ఎందరుంటారు?

ఆ రోజు సిగ్నల్ దగ్గర కూడా జనం పోగై మామూలుగా చెప్పే మాటే చెప్పారు. "గరీబోడు మేడం, ఎంతో కొంత తీసుకొని ఇడిసిపెట్టుండ్రి." ట్రాక్టరు తోలింది రోజు కూలికి వచ్చిన కుర్రాడు, ఓనర్ ఊళ్లో ఉన్నాడు. ఆ కుర్రాడు జేబులోంచి తీసిన నోట్లు ఆమె తీసుకోలేదు. ఆ చోట మేమున్నా తీసుకోలేకపోయేవాళ్లం.

అలా తప్పులేని మనిషి చివరికి తన పాలసీ మీదే పడాలి. రిపేరుకు కంపెనీ కడుతుంది కదా, నష్టమేముంది అంటారు. లెక్క చూద్దాం. ఆమెది ఆరేళ్ల కారు, తరుగు కోయకుండా కట్టే జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకోలేదు. ప్లాస్టిక్ సామానుకు సగం, ఐదేళ్లు దాటిన బండి కాబట్టి ఇనుప సామానుకు 40 శాతం తరుగు కింద కోసేస్తారు. చిన్న కారైతే ఇంకో వెయ్యి తప్పనిసరి కోత. వీటన్నిటి కంటే పెద్ద దెబ్బ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. మొదటి ఏడాది 20 శాతం, తర్వాత 25, 35, 45, ఆఖరికి 50. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే వచ్చిన ఆ సగం తగ్గింపు ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. సొంత డ్యామేజీ ప్రీమియం పది వేలుంటే నిరుడు ఐదు వేలు కట్టిన మనిషి వచ్చే ఏడాది మొత్తం పది వేలూ కట్టాలి. మళ్లీ ఆ 50 శాతానికి చేరడానికి ఇంకో ఐదేళ్లు. సిగ్నల్ దగ్గర ఆగినందుకు పడిన జరిమానా ఇది. బీమా లేకుండా తిప్పేవాడికి పడే రెండు వేల కంటే ఎక్కువ.

ఆలస్యం సంగతికి వద్దాం. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాద్‌లోనే ఉంది. అది 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ చదివితే ముచ్చటేస్తుంది. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పంపాలి. 15 రోజుల్లో సర్వే రిపోర్టు రావాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ అవునో కాదో తేల్చాలి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. ఎలా చూసినా నెల తిరక్కముందే తేలిపోవాలి. దీపావళి నుంచి సంక్రాంతికి ఎన్ని రోజులో పాఠకులే లెక్కపెట్టుకోవచ్చు.

రూలు ఇంత గట్టిగా ఉంటే ఆలస్యం ఎలా దూరుతోంది? ఆ ఫోల్డర్‌ను మొదటి కాగితం నుంచి చదివితే తెలుస్తుంది. కాగితాలన్నీ ఒకేసారి అడగలేదు. మొదట ఆర్సీ, వారం తర్వాత లైసెన్స్, ఇంకో వారానికి పోలీసు కాగితం. గాయాలు లేని ప్రమాదం కాబట్టి స్టేషన్‌లో జీడీ ఎంట్రీ, అంటే స్టేషన్ డైరీలో నమోదు మాత్రమే రాసి పంపించారు. కంపెనీకి ఎఫ్ఐఆర్ కావాలట. ఆమె బడికి సెలవు పెట్టి స్టేషన్‌కు రెండుసార్లు వెళ్లారు. ఈలోగా డిక్కీ విప్పితే లోపల ఇంకో రేకు వంగిందని షెడ్డువాళ్లు అదనపు ఎస్టిమేట్ పంపారు. దాంతో సర్వేయర్ మళ్లీ రావాలి, రోజుల లెక్క మళ్లీ మొదటికి. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతాడు, కథ మొదట్నుంచీ చెప్పాలి. విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ పెద్ద నేరం కాదు. అన్నీ కలిస్తే రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలకు కంపెనీకి పైసా ఖర్చు లేదు. ఆటో కిరాయిలు పెట్టుకుంటున్నది ఆమె.

కంపెనీల మీద పడి ఏడవడమే మా పని కాదు. వాటి అనుమానాలకూ కారణాలున్నాయి. డెంటింగ్ షెడ్డుకు బండి తీసుకెళ్తే మొదటి ప్రశ్న "ఇన్సూరెన్సా, క్యాషా?" అదే సొట్టకు క్యాషైతే ఒక రేటు, ఇన్సూరెన్సైతే ఇంకో రేటు. ఎప్పటిదో పాత గీత కూడా ఈ క్లెయిమ్‌లోనే కలిపేయమనే ఓనర్లు, లైసెన్స్ లేని కొడుకు గుద్దితే తండ్రి పేరు రాయించేవాళ్లు మనలోనే ఉన్నారు. ఇలాంటి ఒక్కొక్క క్లెయిమ్ వల్ల తర్వాత వచ్చే పది నిజమైన క్లెయిమ్‌ల మీద అనుమానం పెరుగుతుంది. అయినా, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనకనుంచి గుద్దిన కేసులో, చౌరస్తాలో సీసీ కెమెరా ఉండగా, అంత అనుమానం దేనికి?

మేము అడిగేది పెద్దదేమీ కాదు. రోజుల లెక్క క్లెయిమ్ నంబరు పడిన రోజునే మొదలు కావాలి. కాగితాల జాబితా మొదటి రోజే, ఒక్కసారే, రాతలో ఇవ్వాలి. తర్వాత ఇంకో కాగితం గుర్తొస్తే ఆ భారం కంపెనీది. తప్పు అవతలివాళ్లదని పోలీసు కాగితం చెబుతున్నప్పుడు నో క్లెయిమ్ బోనస్ తీసేయకూడదు. అదనపు ప్రీమియం కడితే బోనస్ కాపాడే పాలసీలను కంపెనీలే అమ్ముతున్నాయి. అంటే అది చేతకాని పనేం కాదు, ఊరికే చేయరంతే. ఓంబుడ్స్‌మన్ విచారణలు హైదరాబాద్‌కే పరిమితం కాకుండా వరంగల్‌లో, కరీంనగర్‌లో మూడు నెలలకోసారైనా జరగాలి. గాయాలు లేని బండి నష్టం కేసులను లోక్ అదాలత్‌లకు మళ్లిస్తే ట్రిబ్యునల్ మీదా బరువు తగ్గుతుంది. పోలీసుల నుంచి కోరేది కూడా ఉంది. ప్రమాదం చేసిన బండి వివరాలు, దాని బీమా వివరాలు బాధితులు అడిగితే ఇవ్వాలని చట్టంలోని 160వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్ బెంచీ మీద ఒక పూటంతా కూర్చోబెట్టకుండా ఆ కాగితం ఇస్తే చాలు.

అవన్నీ జరిగేదాకా మనం చేయగలిగింది ప్రతి మాటనూ రాతలో ఉంచడం. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. గుద్దిన బండి నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే బీమా ఉందో లేదో అక్కడే తెలుస్తుంది, ఆ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోవాలి. సర్వే రిపోర్టు కాపీ అడగాలి. గడువు దాటగానే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్ పెట్టాలి. వాళ్లకు 14 రోజుల టైముంది. దానికీ పలక్కపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరు ఉంది. కంపెనీకి ఫిర్యాదు చేసి నెలైనా జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఇంకొక్క మాట, దీన్ని చాలామంది అడగనే అడగరు: గడువు దాటి కట్టిన క్లెయిమ్ మీద బ్యాంకు రేటుకు రెండు శాతం కలిపి కంపెనీ వడ్డీ ఇవ్వాలి. ప్రీమియం ఒక్క రోజు లేటైనా పాలసీ ల్యాప్స్ చేసే కంపెనీని ఆ వడ్డీ అడగడానికి మనకు మొహమాటం దేనికి?

టీచరమ్మ ఫోల్డర్ మేము చూస్తున్నప్పుడే ఆమె ఫోన్‌కు కంపెనీ నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది, ప్రింట్లతో కలిపితే తొమ్మిదోది. అది క్లెయిమ్ గురించి కాదు. పాలసీ వచ్చే నెల ముగుస్తోందని, సకాలంలో రెన్యువల్ చేసుకోమని. కింద కట్టాల్సిన మొత్తం ఉంది. దాని పైన నో క్లెయిమ్ బోనస్ గడిలో అప్పుడే సున్నా వేశారు.